బోర్డు మీద లేని ఆకు

కొత్తగా వచ్చిన ఎస్టేట్ ఆఫీసరు బాలచంద్ర గారు ఉద్యోగంలో చేరిన మొదటి పొద్దునే తడి కుర్చీలో కూర్చున్నారు.

తప్పు ఆయనదీ కాదు, కుర్చీదీ కాదు. తిరుపతిలో ఉన్న రైతుబజార్లలో ఒకదానిలో, ఏదని అడక్కండి, ఆఫీసు గది ముందు ఒక ఇనుప కుర్చీ ఉండేది. పాత ఆఫీసరు ఏనాడూ దాని మొహం చూడలేదు. ఆయన లోపల ఫ్యాను కింద ఉండేవారు. అందుచేత వరండా కుర్చీ జ్ఞానాంబ కరివేపాకు మోపుకు దక్కింది. బస్సు దిగి వచ్చి మోపును ఆ కుర్చీలో దించి, నీళ్ళు చల్లి, తడిగోనె కప్పి కాసేపు ఉంచేది. నేల మీద పెడితే ఆకుకు మట్టి అంటుతుందని ఆమె భయం. ఆ పొద్దున కూడా అలాగే ఉంచి, తర్వాత మోపు ఎత్తుకుని పంచడానికి పోయింది. కుర్చీలో గోనె తడీ, రాలిన ఆకులూ, ఒక లేత రెమ్మా మిగిలాయి.

ఆఫీసరు గారు వచ్చారు. కుర్చీ చూసి కూర్చున్నారు. జేబురుమాలుతో మొహం తుడుచుకుని, బజారును ఒకసారి కలయజూసి, తనిఖీకి లేచారు.

టమోటాల వరస దగ్గర మొదలుపెట్టి గుమ్మడికాయల దాకా నడిచారు. నడిచినంత మేరా జనం ఆయన్ను చూసి చిరునవ్వు నవ్వారు. దాటిపోయినాక మెడలు తిప్పి మరీ నవ్వారు. కడప నుంచి బదిలీ మీద వచ్చిన మనిషికి ఈ ఊరి మర్యాద ఎంతో నచ్చింది. ఆయన కూడా అందరికీ నమస్కారాలు పెట్టారు. చివరికి గేటు దగ్గర టీ అంగడి నూర్ అహ్మద్, గ్లాసు అందిస్తూ, గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"ఏమనుకోవద్దు సార్. మీ యెనకాల తిరగవాత ఉండాది."

ఆఫీసరు గారు చెయ్యి వెనక్కి పెట్టి తడిమారు. తాలింపులో వేసే ఆ రెమ్మ చేతికి వచ్చింది. తడి సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆయన మంచివాడు కాబట్టి ఎవరినీ ఏమీ అనలేదు. రెమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవరిది?" అని మాత్రం అడిగారు.

అడగకుండా ఉండి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

*

జ్ఞానాంబది చంద్రగిరి అవతల ఒక పల్లె. మొగుడు మునిచంద్ర చెరకు పెట్టేవాడు. బోరు ఎండిపోయి, ఇంకొకటి వేయించి, అదీ ఎండిపోయినాక, చెరకు దుబ్బులు పీకించి ఆ చేనంతా కరివేపాకు నాటాడు. ఊళ్ళో నవ్వారు. ఇంటి వెనక అంట్లు తోమే జాలాడి పక్కన తనంతట తానే మొలిచే చెట్టును చేనుకు చేను పెట్టేవాడిని వాళ్ళు అంతవరకు చూడలేదు. "మనుషులు తిరగవాత మానేసే దినం వస్తే అప్పుడు పీకేస్తాను లేబ్బా" అన్నాడు మునిచంద్ర. అలాంటి దినం రాలేదు గానీ, అతనికే జ్వరం వచ్చి పోయాడు. చేను మిగిలింది. కూతురు లోహిత మిగిలింది.

రైతుబజారులో స్థలం అతను ఉన్నప్పుడే ఇచ్చారు. గేటు దాటగానే ఎడమ చేతి వైపు, సిమెంటు అరుగు చివర. మొదటిరోజు జ్ఞానాంబ అరుగు మీద తుండు పరిచి, కట్టలు పేర్చి కూర్చుంది. ఒక పెద్దింటి ఆవిడ వచ్చి, సంచీలో పైపైన ఒక కట్ట వేసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోసాగింది. "అమ్మా, దుడ్లు" అంది జ్ఞానాంబ. ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి, "కరేపాకుకు కూడానా?" అంది. కోపం కాదు, నిజమైన ఆశ్చర్యం. చుట్టుపక్కల ఉన్న నలుగురూ జ్ఞానాంబనే చూశారు. మంచినీళ్ళు ఇచ్చి వెల అడిగిన మనిషిని చూసినట్టు చూశారు. "ఏదో తెలీక అన్నాన్లేమ్మా" అని తనే తప్పు ఒప్పుకుంది.

ఆ తర్వాత ఇక ఆమె నోటికి ఆ మాట రాలేదు.

పక్క అరుగు ఆదిమూలం అది చూశాడు. అతనిది పాకాల వైపు. టమోటా, వంకాయ తెస్తాడు. నోరు మంచిది, చెయ్యి జాగ్రత్త. "జ్ఞానమ్మా, కరేపాకును ఎవురూ కొనరు. అది కొసరు" అన్నాడు. "నువ్వు మాకియ్యి. మేము బేరంలో ఏసి ఇస్తాము. పొద్దెక్కినాక మా దగ్గర మిగిలిందేదో నీ సంచీలో ఏస్తాము. నీకూ జరుగుతుంది, మాకూ జరుగుతుంది."

అలా జరిగిపోయింది. చాలా ఏళ్ళు జరిగిపోయింది.

తెల్లారకముందే ఆమె ఒక్కో అరుగు దగ్గరికీ పోయి, మోపులోంచి చేతికి వచ్చినంత తీసి పెట్టేది. కొలత అంటూ లేదు, పిడికిలే. కానీ ఆ పిడికిలికి ఒక తెలివి ఉండేది. ఆకుకూరల లోకేశ్వరికి లేతది, ఎందుకంటే ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు పచ్చడి చేసుకునేవాళ్ళు. ముల్లంగి ఎల్లప్పకు ముదురు, ఎందుకంటే అతను నీళ్ళు చల్లడు. ఆదిమూలానికి ఎప్పుడూ రెండు పిడికిళ్ళు. ఆదిమూలం కరివేపాకు దండిగా వేస్తాడని ఆ బజారులో పేరు. వంకాయలో పుచ్చు ఉన్నా జనం అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆకును చూసి మనిషి చెయ్యి పెద్దదనుకునేవాళ్ళు.

పొద్దెక్కినాక జ్ఞానాంబ సంచీ పట్టుకుని అదే వరసలో తిరిగి వచ్చేది. మెత్తబడిన టమోటాలు, వంకర తిరిగిన దోసకాయలు, ఎవరూ ఎత్తుకోని ముల్లంగి. ఎవరూ లేదనలేదు. ఎవరూ మంచివి వేయనూ లేదు. చేతికి దుడ్లు రావాలంటే అదొక్కటే దారి: రెండు టిఫిన్ హోటళ్ళ వాళ్ళు గేటు పక్క అరుగు గుర్తుపెట్టుకుని వచ్చి, ఆమె చేతిలో నోటు పెట్టి మోపులో సగం ఎత్తుకుపోయేవాళ్ళు. ఆమె ధర చెప్పేది కాదు. వాళ్ళు ఇచ్చినంత. ఆ నోట్లతోనే లోహిత డిప్లొమా చదివింది. ఇప్పుడు తడ పక్కన ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని చేస్తూ హాస్టల్లో ఉంటోంది.

బజారు వాళ్ళు ప్రతి అరుగుకూ ఒక తక్కెడ ఇచ్చారు. జ్ఞానాంబ తక్కెడ మొదటినుంచీ ఆదిమూలం దగ్గరే ఉండేది. ఆమెకు దాంతో పనేముంది?

*

"మీ సరుకు బోర్డులో ఎక్కడుందమ్మా?" అని బాలచంద్ర గారు అడిగారు.

గేటు లోపల గోడకు పెద్ద నల్లబోర్డు ఉంటుంది. కూరగాయల పేర్లు తెల్లరంగుతో రాసి, పక్కన రోజూ సుద్దముక్కతో ధర వేస్తారు. వంకాయ, బెండకాయ, చిక్కుడు, గోరుచిక్కుడు. ఏడాదిలో కొన్ని వారాలే కనిపించే వాక్కాయకు కూడా ఒక వరస ఉంది. కరివేపాకుకు లేదు. లేదన్న సంగతి జ్ఞానాంబ కూడా ఆ పొద్దునే గమనించింది. రోజూ బోర్డు కిందనుంచే వస్తుంది గానీ, అందులో తనకేం పని అని తలెత్తి చూసింది లేదు.

"లేదు సార్" అంది.

"పైనుంచి కాగితం వచ్చిందమ్మా. బోర్డులో లేని సరుకుకు స్థలం ఇవ్వకూడదట. అరుగులు చాలక బయట రైతులు ఎదురుచూస్తున్నారు." ఆయన నడుము దగ్గర తడి ఇంకా ఆరలేదు. అయినా గొంతు మెత్తగానే ఉంది. "మీరు కంగారుపడొద్దు. బోర్డులో ఒక వరస రాయించడం నా చేతిలో పనే. అది ఇక్కడ అమ్ముడుపోయే సరుకు అని ఇద్దరు ముగ్గురు రైతులు నా ఎదుట చెబితే చాలు. శుక్రవారం వస్తాను. మీ దగ్గర ఎవరు తీసుకుంటారు?"

"అందురూ తీసుకుంటారు సార్."

"అయితే మీకే భయం లేదు" అన్నారు ఆఫీసరు.

ఆయన నిజంగానే అలా అనుకున్నారు. ఆమె కూడా.

పొద్దెక్కినాక సంచీ పట్టుకుని పోయినప్పుడు ఆదిమూలానికి సంగతి చెప్పింది. అతను డబ్బాలో చిల్లర సర్దుకుంటున్నాడు.

"శుక్రారం సారు అడుగుతాడంట అన్నా. నువ్వొక మాట చెప్పల్ల."

"దానికేముంది జ్ఞానమ్మా. చెప్పకుండా ఉంటానా? నువ్వు మాకు పరాయిదానివా?"

"అది సరుకే అని చెప్తే సాలంట."

"సెప్తాం లేమ్మే. ఇంద, ఈ టమోటాలు ఎత్తుకో." మెత్తనివే. కానీ ఆ రోజు నాలుగు ఎక్కువ వేశాడు.

లోకేశ్వరి కూడా సరేనంది. అన్నాక, బోర్డు వైపు ఒకసారి చూసింది. "రేటు రాస్తే ఎంత రాస్తారో అక్కా?" అంది. "ఎంతో కొంత" అంది జ్ఞానాంబ. లోకేశ్వరి మళ్ళీ తోటకూర కట్టలు తిరగేసింది.

ఆ మాట దగ్గర జ్ఞానాంబ ఆగి ఉండాల్సింది. ధర రాస్తే ఏమవుతుందో లోకేశ్వరికి అప్పుడే తోచింది. బోర్డు మీద ధర ఉన్నదాన్ని ఊరికే తీసుకోవడం కుదరదు. ఊరికే తీసుకోకపోతే ఊరికే వేయడమూ కుదరదు. వేయకపోతే పుచ్చు వంకాయలు ఎవరు కొంటారు? ఈ లెక్క ఆ బజారులో ఒక్క జ్ఞానాంబకే తట్టలేదు. ఆమె మనసులో లెక్క వేరు. ఇన్నేళ్ళు ఇచ్చాను కదా, అనేదే ఆమె లెక్క.

గురువారం సాయంత్రం లోహిత ఫోను చేసింది. పక్కన హాస్టలు పిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

"మా, రేపు ఒక్క పొద్దన్నా ఊరికే ఇయ్యొద్దు" అంది.

"ఏం ఎందుకు?"

"ఎందుకా? అమ్ముతున్నావని సూపించాల్సిన దినం అది. దుడ్లు అడిగి ఇయ్యి. ఒక్క రూపాయన్నా అడుగు."

"ఇన్ని దినాలు అడగనిదాన్ని రేపు అడిగితే ఏమనుకుంటారే?"

"అనుకోనీ."

"మన పక్క మాట చెప్పేవాళ్ళ దగ్గరే దుడ్లు అడిగేదా? నీకేమైనా ఉండాదా?"

"నువ్వు సేసేది యాపారం కాదుమా" అంది లోహిత. "ఏందో నాకు తెలీదు గానీ యాపారం మాత్రం కాదు." షిఫ్టు బస్సు వచ్చిందని ఫోను పెట్టేసింది.

*

శుక్రవారం జ్ఞానాంబ చేసిన పని ఆ బజారులో మరెవరూ చేయరు. చేయగలిగింది అక్కడ ఆమె ఒక్కతే.

మునుపటి సాయంత్రమే చేనంతా తిరిగి చిగుళ్ళు కోసింది. ముదురు ఆకు ఒక్కటి లేకుండా, చీడ పట్టిన రెమ్మ ఒక్కటి లేకుండా ఏరింది. మోపు మామూలుకన్నా రెట్టింపు అయింది. బస్సులో కండక్టరు, "ఆడోళ్ళకు టికెట్టు లేదు సరే, ఈ మోపు ఆడదా మగదా?" అని అడిగాడు. "ఇద్దురికీ పనికొచ్చేదే నాయనా" అని వాడి చేతిలో కూడా ఒక రెమ్మ పెట్టింది.

బజారుకు వచ్చి ప్రతి అరుగు దగ్గరా పిడికిలికి పిడికిలి ఎక్కువ పెట్టింది. లోకేశ్వరికి రెండు. ఎల్లప్పకు రెండు, అవీ లేతవి. ఆదిమూలానికి ఒడినిండా. పెళ్ళికి పిలవడానికి పోయినవాళ్ళు తాంబూలం పెట్టినట్టు పెట్టింది. "ఏంది జ్ఞానమ్మా, ఈ పొద్దు ఇంత దండిగా?" అని ఆదిమూలం నవ్వాడు. "మంచి దినం గదన్నా" అంది.

జనం వచ్చారు. శుక్రవారం కాబట్టి ఇసక వేస్తే రాలనంత వచ్చారు. ఆ రద్దీలో బాలచంద్ర గారు కూడా వచ్చారు. ఈసారి ముందుగా కుర్చీని చేత్తో తుడిచి చూసుకుని, కూర్చోకుండానే నేరుగా వచ్చారు. ఎల్లప్ప అరుగు దగ్గర ఆగి, కరివేపాకు కుప్ప చూపించి, "ఇది ఆమె దగ్గర ఎంతకు తీసుకున్నారు?" అని అడిగారు.

ఎల్లప్ప మొహమాటంగా నవ్వాడు. "ఎంతకని ఏముంది సార్. పెట్టింది, తీసుకున్న్యాము."

"డబ్బులు?"

"కరేపాకుకా సార్?"

పక్కనే వరదయ్య గారు ఉన్నారు. కాలేజీలో లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. అర కిలో బీరకాయలు కొంటే గుప్పెడు కరివేపాకు అడుగుతారు, ఇవ్వకపోతే బీరకాయలు వెనక్కి పెడతారు. బేరంలో ఆయన్ను గెలిచినవాళ్ళు ఆ బజారులో లేరు. ఆఫీసరు ఆయన వైపు తిరిగి, "మీరు కొంటారా అండీ దీన్ని?" అని అడిగారు.

"కొనేదేంది సార్?" అన్నారు వరదయ్య గారు. "ఈ వయసులో నేను కరేపాకు కొనుక్కోని వచ్చినానని తెలిస్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానియ్యదు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. జ్ఞానాంబ కూడా నవ్వింది. ఆ మాట నిజంగానే నవ్వొచ్చే మాట. నవ్వు సగంలో ఉండగా అది ఎవరి మీదో అర్థమైంది. అప్పటికి మొహాన పరుచుకున్న నవ్వును వెంటనే తీసేయడం ఎలాగో తెలియక అలాగే ఉంచుకుంది.

లోకేశ్వరి దగ్గరికి వచ్చేసరికి ఆమె తల వంచి మెంతికూర కట్టలకు దారం చుడుతోంది. "మాకు ఇంటికాడ చెట్టుండాది సార్" అంది. ఆమె ఇంటి దగ్గర చెట్టు లేదు. ఉంటే తన ఎదురుగా ఉన్న లేత కుప్ప ఎక్కడిదని ఆఫీసరు అడగలేదు.

మిగిలింది ఆదిమూలం. జ్ఞానాంబ తన అరుగు వదిలి, అతని అరుగు పక్కకు వచ్చి నిలబడింది. అతను ఎవరికో వంకాయలు తూస్తున్నాడు. తూకం అయింది. సంచీలో వేశాడు. పైన అలవాటుగా పిడికెడు కరివేపాకు వేశాడు. వేసినాక తన చెయ్యి చేసిన పని చూసుకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీరు చెప్పండి పెద్దాయనా" అన్నారు బాలచంద్ర గారు. ఆయన గొంతులో కొంచెం ఆశ కూడా ఉంది. "ఈమె దగ్గర ఎక్కువ తీసుకునేది మీరేనట. ఇది సరుకా, కాదా?"

ఆదిమూలం జ్ఞానాంబను చూడలేదు. తక్కెడను చూశాడు. ముల్లు ఇంకా ఊగుతోంది. అది జ్ఞానాంబ తక్కెడే.

"అది సరుకు గాదు సార్" అన్నాడు. "కొసరు."

"మరి ఆమెకు మీరేమీ ఇవ్వరా?"

"ఇయ్యకుండా ఎట్లుంటాము సార్? మొగుడు ల్యా పాపం. మిగిలిందేదో ఏస్తాము. దయ ఉండల్ల గదా."

దయ. ఇన్నేళ్ళు సంచీలో పడినవాటికి జ్ఞానాంబ మనసులో ఏవేవో పేర్లు ఉండేవి. ఆ పేరు మాత్రం లేదు.

ఆఫీసరు ఆమె వైపు తిరిగారు. ఆయనకు ఇంకా వదలాలని లేదు. "మీరే చెప్పండమ్మా. మీరు దీన్ని ఎంతకు అమ్ముతారు? ఒక ధర చెప్పండి, రాసుకుంటాను."

ఆమె నోరు తెరిచింది. అంకె రాలేదు. ఆమె దగ్గర అంకె ఎప్పుడూ లేదు. కుడిచెయ్యి ముందుకు చాపి, పిడికిలి బిగించి చూపించింది.

"ఇంత సార్."

"ఇంత అంటే ఎంతమ్మా?"

ఆమె పిడికిలిని ఇంకాస్త బిగించింది. వెనకనుంచి ఎవరో, "బిరీన తెమల్చండబ్బా, దావ అడ్డం" అన్నారు. బాలచంద్ర గారు చేతిలో కలాన్ని జేబులో పెట్టుకున్నారు.

*

ఆ పొద్దెక్కినాక జ్ఞానాంబ సంచీ పట్టుకుని తిరగలేదు. తుండు మడుచుకుంటూ ఉంటే వాళ్ళే వచ్చారు. అలా రావడం అదే మొదలు. లోకేశ్వరి మెంతికూర తాజా కట్టలు పెట్టి, కళ్ళు తుడుచుకుంది. "ఏం సేసేది అక్కా, మా బతుకులు అట్లాంటివి" అంది. ఎల్లప్ప లేత ముల్లంగి తెచ్చాడు. ఆదిమూలం గట్టి టమోటాలు, నిగనిగలాడే వంకాయలు, ఒక్క పుచ్చు లేకుండా ఏరి వేశాడు. ఇన్నేళ్ళలో ఆమె సంచీ అంత నిండుగా ఎప్పుడూ పోలేదు. కాదనడం చేతకాక ఎత్తుకుంది. బస్సులో ఒడిలో పెట్టుకుని కూర్చుంది. వాటిలో ఒక్కటీ ఆమె వండలేదు. గట్టి టమోటాలు కాబట్టి కుళ్ళడానికి చాలా రోజులు పట్టింది.

గేటు పక్క అరుగును పుట్టగొడుగులు పెంచే ఒక సంఘానికి ఇచ్చారు. బోర్డులో పుట్టగొడుగుల వరస ముందునుంచే ఉందట.

కొన్నాళ్ళు ఆమె గేటు బయట, నూర్ అహ్మద్ టీ అంగడి నీడలో కూర్చుని చూసింది. అతను మంచివాడు. బెంచీ జరిపి చోటిచ్చాడు. కానీ దావ అడ్డమని వచ్చి లేపేవాళ్ళకు అతనేం చెప్పగలడు? లోపలినుంచి ఆదిమూలం మనిషిని పంపి ఆకు తెప్పించుకునేవాడు. ఒకరోజు పంపినప్పుడు, "లేదు" అంది. ఉంది. మోపు ఎదురుగానే ఉంది. వచ్చిన మనిషి మోపునూ ఆమెనూ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు. టిఫిన్ హోటళ్ళ వాళ్ళు అరుగు దగ్గరికి వచ్చి, పుట్టగొడుగులను చూసి, మరెక్కడినుంచో తెప్పించుకోవడం మొదలుపెట్టారు. గేటు దాటి నాలుగడుగులు బయటికి వచ్చి ఉంటే ఆమె కనిపించేది. అంత అవసరం వాళ్ళకు లేదు.

ఒక మధ్యాహ్నం టీ గ్లాసు చేతికిస్తూ నూర్ అహ్మద్ అన్నాడు, "అక్కా, తప్పు నాదే. ఆ దినం సారుకు నేను చెప్పకుండా ఉండింటే, ఆయన ఇంటికి పోయినాక వాళ్ళ బీబీ చెప్పేది. ఈడ ఎవురికీ ఏమీ అయ్యేది కాదు."

"నీదేముంది లే భాయ్" అంది జ్ఞానాంబ. "నువ్వు ఉండేది ఉన్నట్టు చెప్పినావు. ఆ బజార్లో ఉండేది ఉన్నట్టు చెప్పినోడివి నువ్వొక్కడివే."

ఆ ఏడాది చేనును బంతిపూలు పెట్టుకునేవాళ్ళకు కౌలుకిచ్చింది. తిరుపతిలో పూలకు కొరతేముంది, ఎంత పండినా దేవుడికి చాలదు. వాళ్ళు యంత్రం తెచ్చి చెట్లను వేళ్ళతో పెకలించారు. ఆ రోజు ఊరంతా ఒకటే వాసన. పెద్ద పెనంలో ఎవరో అందరికీ కలిపి తిరగవాత పెట్టినట్టు ఉండింది. జ్ఞానాంబ తలుపు వేసుకుని ఇంట్లోనే ఉంది. జాలాడి పక్కన ఉన్న ఒక్క చెట్టును మాత్రం వదిలారు. అది చేనులోది కాదు కాబట్టి.

ఇప్పుడు ఆమె బస్‌స్టాండు దగ్గర ఒక లాడ్జిలో దుప్పట్లు మడుస్తుంది. కొండకు వచ్చేవాళ్ళు పడుకుని లేచిన దుప్పట్లు, ఉతికి ఆరినవి, చెక్కబల్ల మీద పరిచి మడతలు పెట్టాలి. అందరూ ఆమెను పేరు పెట్టే పిలుస్తారు. నెల తిరగ్గానే జీతం వస్తుంది. దాన్ని అడగాల్సిన పని లేదు. మొదటి నెల మేనేజరు ఇచ్చిన కవరును చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడితే, "ఏమ్మా, తక్కువుందా?" అని ఆయన అడిగాడు. లేదని తల ఊపింది.

*

మొన్నొక ఆదివారం డ్యూటీ దిగి వస్తూ రైతుబజారులోకి పోయింది. లోహిత వచ్చింది, గుత్తివంకాయ చేయమంది. ఆ బజారులోకి కొనడానికి పోవడం ఆమెకు అదే మొదటిసారి. గేటు దాటి, బోర్డు ముందు ఆగి, తలెత్తి వంకాయ ధర చదువుకుంది. చదివి, ముందే దుడ్లు చేతిలో తీసి పట్టుకుంది.

ఆదిమూలం అరుగు దగ్గర గలాటా జరుగుతోంది. వరదయ్య గారు వంకాయలు తూయించుకుని, సంచీ నోరు తెరిచి పట్టుకుని నిలబడ్డారు.

"ఏసేది ఏయప్పా."

"ఏసినా గదా సార్."

"కరేపాకు?"

"ల్యా సార్."

"ల్యానా? రేపట్నుంచి ఉప్పు కూడా మేమే తెచ్చుకోవల్లనేమో కూరగాయలకు." వరదయ్య గారు వంకాయలను తిరగేసి చూశారు. ఇన్నేళ్ళలో మొదటిసారి అందులో పుచ్చు ఆయన కంట పడింది. సంచీ ఖాళీ చేసి, తక్కెడలోకి గుమ్మరించి, పక్క వరసకు వెళ్ళిపోయారు.

ఆదిమూలం తలెత్తేసరికి ఎదురుగా జ్ఞానాంబ ఉంది.

"అర కిలో ఇయ్యన్నా" అంది, నోటు చాపి.

అతను నోటు తీసుకోలేదు. వంకాయలు ఏరసాగాడు. మంచివి ఏరుతున్నాడో అలవాటు కొద్దీ ఏరుతున్నాడో తెలియలేదు. మనిషి చిక్కిపోయాడు. అరుగు మీద సరుకు మధ్యాహ్నానికి కూడా కుప్పలుగానే ఉంది. తక్కెడలో వేసి, ముల్లు నిలిచేదాకా ఆగాడు.

"చూస్తివా, ఎట్ల పోతాండారో" అన్నాడు. "నువ్వు పోయినప్పట్నుంచి ఇదే వరస. మార్కెట్లో కొనుక్కొచ్చి ఏద్దామంటే గిట్టదు. వంకాయకన్నా అదే ఎక్కువ చెప్తాండారు. నువ్వు ఇంటికాడ చెట్టు పెట్టుకోని ఒక రెమ్మ తెచ్చి పడేసినావా? ఇన్నేండ్ల సావాసం ఉండాది, వారానికొక మోపన్నా ఏస్తే నీకేం పోయింది జ్ఞానమ్మా?"

జ్ఞానాంబ నోటును తక్కెడ పళ్ళెం పక్కన పెట్టింది. వంకాయలను తనే ఎత్తి సంచీలో వేసుకుంది.

"సరుకు గాందాని కోసరం ఇంత బాధ ఎందుకన్నా."